మన ల్యాబుల్లో ఇమేజ్ బిల్డ్ చేయడం నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబర్ 14న గూగుల్ ప్రకటించిన దగ్గర్నుంచి మీ జిల్లా పేజీల్లో డేటా సెంటర్ ఊసు లేని వారం లేదు. రుషికొండలో టీసీఎస్‌కు 99 పైసలకు భూమి ఇచ్చిన సంగతి కూడా మీ దగ్గరే చదివాను. సంతోషం. పుట్టి పెరిగిన ఊళ్లోనే ఉద్యోగం చేసుకుంటున్న నాలాంటి వాళ్లకు ఇది మామూలు సంతోషం కాదు. అయితే ఎకరాలు, మెగావాట్లు, కోట్ల గురించి ఇంత రాస్తున్నాం కదా, ఆ సర్వర్ల మీద నడవబోయే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి అక్కడికి పంపే పని గురించి ఒక్క ముక్క కూడా ఎవరూ రాయడం లేదు. నేను చేసేది ఆ పనే. అందుకే ఈ ఉత్తరం.

మధురవాడలో ఒక చిన్న కంపెనీలో సిస్టమ్స్ విభాగం చూస్తుంటాను. మా దగ్గర వెబ్‌లో నడిచే ఒక కన్సోల్ ఉంది. బ్రౌజర్‌లో తెరిచి, ఏ అప్లికేషన్ ఏ సర్వర్ మీదకు వెళ్లాలో ఎంచుకుని, ‘డిప్లాయ్’ అన్న బటన్ నొక్కితే అది అక్కడ నడవడం మొదలుపెడుతుంది. చూడ్డానికి అంతే. బటన్ వెనక ఉండేది కంటైనర్ ఇమేజ్. అప్లికేషన్, దానికి కావలసిన లైబ్రరీలు, సెట్టింగులు, అడుగున ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లు అన్నీ కలిపి కట్టిన మూట అది. 2013లో ఈ మూటలు కట్టి నడిపే డాకర్, 2014లో వాటిని ఎన్నో సర్వర్ల మీద నడిపించే కుబర్నెటీస్ వచ్చాక లోకమంతా ఈ పద్ధతికి మళ్లింది. మూట సరిగ్గా కట్టి ఉంటే కన్సోల్ చెప్పింది నిజం. లేకపోతే కన్సోల్‌లో పచ్చ రంగు వెలుగుతూనే ఉంటుంది, కింద పని చెడిపోతూనే ఉంటుంది.

ఒక సంఘటన చెబుతాను. మేము సపోర్ట్ ఇచ్చే ఒక సంస్థలో రసీదులు ఇచ్చే పోర్టల్ ఉంది. ఒక రోజు పొద్దున్నే అక్కడి కుర్రాడు ఫోన్ చేశాడు. పేజీ తెరిస్తే కొత్త రసీదు వస్తోందట, రిఫ్రెష్ కొడితే పాత ఫార్మాట్ వస్తోందట. మళ్లీ కొడితే మళ్లీ కొత్తది. కౌంటర్ దగ్గర జనం గొడవ పడుతున్నారు. “మేడమ్, కన్సోల్‌లో రెండు సర్వర్లూ గ్రీన్‌గానే ఉన్నాయండీ. రెండిట్లోనూ వెర్షన్ 1.4 అనే చూపిస్తోంది. ఇంకేం చూడాలండీ?” అంటాడు. పాపం, అతని టెన్షన్ గొంతులోనే తెలుస్తోంది. కన్సోల్ పక్కన పెట్టి, రెండు సర్వర్ల మీదకూ విడివిడిగా వెళ్లి, నడుస్తున్న ఇమేజ్ డైజెస్ట్, అంటే లోపలి సరుకును బట్టి వచ్చే గుర్తు, ఏమిటో చదవమన్నాను. రెండిటికీ మొదటి అక్షరంలోనే తేడా వచ్చింది.

జరిగిందేమిటంటే, ఆ అప్లికేషన్ రాసే సరఫరాదారు ముందురోజు రాత్రి ఒక చిన్న మార్పు చేసి, ఇమేజ్ మళ్లీ బిల్డ్ చేసి, అంటే మూట మళ్లీ కట్టి, అదే 1.4 ట్యాగ్‌తో రిజిస్ట్రీలోకి, అంటే ఇమేజ్‌లు దాచే గిడ్డంగిలోకి, పుష్ చేశారు. ట్యాగ్ అనేది ఒక పేరు మాత్రమే. ఇవాళ ఒక ఇమేజ్‌కు ఉన్న పేరును రేపు ఇంకొక దానికి తగిలించవచ్చు, ఎవరూ అడ్డుపడరు. కుబర్నెటీస్‌కు ప్రత్యేకంగా చెప్పకపోతే, ‘లేటెస్ట్’ కాని ట్యాగ్ విషయంలో ఆ పేరుతో ఇమేజ్ తన దగ్గర ఉంటే చాలు, కొత్తది తెచ్చుకోదు. ఒక సర్వర్ దగ్గర పాత 1.4 అప్పటికే ఉంది, దాన్నే నడిపింది. రెండోది కొత్తగా చేర్చిన సర్వర్, దాని దగ్గర ఏమీ లేదు, కాబట్టి కొత్త 1.4 తెచ్చుకుంది. పేరొకటే, సరుకు వేరు. కన్సోల్ పేరు మాత్రమే చూపించింది. అలాగని దాని తప్పేం లేదు, దానికి ఇచ్చిందే పేరు.

మా నాన్నగారు విశాఖ పోర్టులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. కంటైనర్ మీద నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. ఆఖరి అంకె ముందున్న వాటి నుంచి లెక్కకట్టి వేసేది, రాసుకోవడంలో పొరపాటు దొర్లితే అక్కడ పట్టుబడుతుంది. తలుపుకు వేసిన సీలు నంబరు వేరే ఉంటుంది. ఈ రెండూ కాగితాలతో సరిపోలితేనే ఆయన సంతకం పెట్టేవారు. “ఫలానా కంపెనీ బియ్యం కంటైనర్” అని నోటిమాటగా చెబితే ఒప్పుకునేవారు కాదు. ఇమేజ్‌కు డైజెస్ట్ అటువంటిదే. అది లోపలున్న ప్రతి బైటు నుంచీ లెక్కకట్టిన 64 అక్షరాల గుర్తు. లోపల ఒక్క ఫైలు మారినా గుర్తు మారిపోతుంది. సర్వర్‌కు ట్యాగ్ బదులు డైజెస్ట్ ఇస్తే అది తెచ్చుకునేది ఆ ఒక్క ఇమేజే, ఇంకొకటి కాదు. ఆ పోర్టల్ సమస్యను మేము తీర్చింది కూడా అలాగే. ఆ తర్వాత ఆ సంస్థలో ట్యాగ్‌తో డిప్లాయ్ చేయడాన్ని కన్సోల్‌లోనే ఆపేశాం.

ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లల్ని ఈ సంగతులు అడుగుతుంటాను. మంచి మార్కులతో, డెవాప్స్ కోర్సు సర్టిఫికెట్లతో వస్తారు. కన్సోల్ తెరిచి పెడితే చకచకా డిప్లాయ్ చేసి చూపిస్తారు. “ఈ ఇమేజ్ ఎలా తయారైంది నాన్నా?” అంటే చాలామంది మాట ఆగిపోతుంది. డాకర్‌ఫైల్, అంటే ఇమేజ్ ఎలా కట్టాలో వరుసగా రాసిన ఫైలు, ఎక్కడిదంటే ఎవరిదో తెచ్చి పెట్టుకున్నామంటారు. పిల్లలను అనడానికి లేదు. మనం నేర్పలేదు.

వాళ్లలో ఒక అమ్మాయి చాలా చురుకైనది. తన ప్రాజెక్టు ఇమేజ్‌ను డాకర్ హబ్ అనే ఇంటర్నెట్ రిజిస్ట్రీలో పబ్లిక్‌గా పెట్టి, లింకు నాకు పంపింది. డాకర్‌ఫైల్‌లో మొదట ఫోల్డర్ మొత్తం కాపీ చేసింది. అందులో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు కూడా ఉంది. అది గమనించి కింద ఇంకో వరుసలో ఆ ఫైలును తీసేసే కమాండ్ రాసింది. జాగ్రత్తగల పిల్ల కాబట్టే ఆ వరుస రాసింది. కాకపోతే ఇమేజ్ పొరలు పొరలుగా తయారవుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాపీ చేసిన వరుస ఒక పొర. తీసేసిన వరుస ఇంకో పొర. పై పొరలో ఫైలు కనపడదంతే, కింద పొరలో భద్రంగా ఉంటుంది. ఆమె ముందే ఇమేజ్‌ను టార్ ఫైలుగా సేవ్ చేసి, పొరలు విప్పి, ఆ పాస్‌వర్డ్ ఫైలు తెరిచి చూపించాను. ఆ అమ్మాయి నోట మాట రాలేదు. ఆ ఇమేజ్ తీసేసినా అప్పటికే ఎవరైనా దించుకుని ఉండొచ్చు కాబట్టి పాస్‌వర్డ్ మార్చడమొక్కటే దారి అని కూడా చెప్పాను. అక్కర్లేని ఫైళ్లు బిల్డ్‌లోకే రాకుండా ఆపడానికి డాకర్‌ఇగ్నోర్ అనే ఫైలు ఉంది. బిల్డ్ సమయంలో మాత్రమే రహస్యాన్ని చూపించి పొరల్లో మిగలకుండా చేసే ఏర్పాటు డాకర్ బిల్డ్ సాధనమైన బిల్డ్‌కిట్‌లో ఉంది. ఈ రెండూ ఒక పూట ల్యాబులో నేర్పగలిగినవే.

కన్సోల్ ఇమేజ్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. కన్సోల్ కూడా ఒక వెబ్ అప్లికేషనే, దాన్నీ ఇమేజ్‌గానే బిల్డ్ చేసి పంపుతాం. కానీ మిగతా అప్లికేషన్లన్నిటి మీదా అధికారం దాని చేతిలో ఉంటుంది. కొన్ని కన్సోళ్లు పనిచేయాలంటే సర్వర్ మీది డాకర్ సాకెట్‌ను, అంటే డాకర్‌కు ఆదేశాలిచ్చే దారిని, వాటికి అందించాలి. ఆ సాకెట్ దొరికినవాడికి ఆ సర్వర్ మీద రూట్ అధికారం, అంటే పూర్తి అధికారం, దొరికినట్టే. 2018లో టెస్లా కంపెనీ కుబర్నెటీస్ కన్సోల్‌ ఒకటి పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉండిపోయింది. బయటివాళ్లు దాని ద్వారా లోపలికి వెళ్లి, వాళ్ల క్లౌడ్ మీద క్రిప్టో కరెన్సీ మైనింగ్ చేసుకున్నారు. క్లౌడ్ తాళాలు కూడా అక్కడే వాళ్ల కంటపడ్డాయి. అంత పెద్ద కంపెనీకే అలా జరిగింది.

మా కన్సోల్ ఇమేజ్ ఎలా బిల్డ్ చేస్తామో కొంచెం వివరంగా రాస్తాను. ఈ పనిలో ఎంత ఆలోచన ఉంటుందో మీ పాఠకులకు, ముఖ్యంగా తల్లిదండ్రులకు, తెలియాలని నా కోరిక. కన్సోల్ ముందు భాగం రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో, వెనక భాగం గో భాషలో ఉంటుంది. బిల్డ్ మూడు దశల్లో నడుస్తుంది. మొదటి దశలో జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ ఉన్న ఇమేజ్ తీసుకుని, ప్యాకేజీల జాబితా ఉన్న ఫైళ్లు మాత్రం ముందు కాపీ చేసి వాటిని ఇన్‌స్టాల్ చేస్తాం. మా కోడ్‌ను ఆ తర్వాతే కాపీ చేస్తాం. మారిన పొర దగ్గర్నుంచి పైవన్నీ మళ్లీ తయారవుతాయి కాబట్టి, ఈ వరుస తిరగబడితే కోడ్‌లో ఒక్క కామా మార్చినా వందలాది ప్యాకేజీలు మళ్లీ మొదటి నుంచి దిగుతాయి. వర్షాకాలంలో నెట్ నత్తనడక నడిచే మా ఆఫీసులో ఆ వరుసకున్న విలువ నాకు బాగా తెలుసు. రెండో దశలో గో కోడ్‌ను ఒక్క బైనరీగా, అంటే నేరుగా నడిచే ఫైలుగా, కంపైల్ చేస్తాం. మూడో దశ దాదాపు ఖాళీ ఇమేజ్. కమాండ్లు తీసుకునే షెల్ ఉండదు, ప్యాకేజీ మేనేజర్ ఉండదు. మొదటి దశ నుంచి వెబ్ పేజీల ఫైళ్లు, రెండో దశ నుంచి ఆ బైనరీ మాత్రం దానిలోకి తెస్తాం. నోడ్‌తో సహా మొత్తం ఉంచేస్తే ఒక జీబీ దాటే ఇమేజ్ ఇలా చేస్తే యాభై ఎంబీ లోపు సరిపోతుంది. బయటివాడు ఎలాగో లోపలికి దూరినా అక్కడ వాడుకోవడానికి వాడికి పనిముట్లేవీ దొరకవు.

ఖాళీ ఇమేజ్‌తో చిక్కులూ ఉన్నాయి. సర్టిఫికెట్ల కట్ట దానిలో ఉండదు కాబట్టి కన్సోల్ రిజిస్ట్రీతో మాట్లాడబోతే, ఎదుటివాడి సర్టిఫికెట్‌ను నమ్మలేనని మొండికేస్తుంది. టైమ్‌జోన్ ఫైళ్లు ఉండవు కాబట్టి ఏషియా కోల్‌కతా అని అడిగితే తెలియదంటుంది. సరిచూడకుండా వదిలేస్తే లాగ్‌లో టైము మన టైము కన్నా ఐదున్నర గంటలు వెనక చూపిస్తుంది. రాత్రి పది గంటలకు పడిపోయిన సర్వీసు సాయంత్రం నాలుగున్నరకు పడిపోయినట్టు లాగ్ చెబితే, కారణం వెతికేవాడు ఏ గంట దగ్గర వెతకాలి? ఈ రెండూ విడిగా కాపీ చేసుకోవాలి. ఇక కన్సోల్ రూట్‌గా నడవకూడదు. యూజర్‌ను పేరుతో కాకుండా నంబరుతో రాయాలి, రూట్ కానివాడే నడపాలి అన్న నిబంధన పెట్టినప్పుడు కుబర్నెటీస్ నంబరును మాత్రమే సరిచూడగలదు. చివరగా ఇమేజ్‌ను తెలిసిన లోపాల కోసం స్కాన్ చేసి, డిజిటల్ సంతకం చేసి, రిజిస్ట్రీలోకి పుష్ చేసి, వచ్చిన డైజెస్ట్‌ను రిలీజ్ నోట్‌లో రాస్తాం. ఇంత జరిగాకే బటన్‌కు పని.

“బటన్ నొక్కితే అయిపోయేదానికి ఇన్ని రోజులెందుకు?” అని క్లయింట్ల దగ్గర ఎన్నోసార్లు విన్నాను. ఈ ప్రశ్న అడిగేవాళ్లు చదువు లేనివాళ్లు కాదు. వాళ్లకెప్పుడూ ఎవరూ లోపలి పని చూపించలేదు, అంతే. స్కానింగ్‌కు రెండు గంటలు ఆగమన్నందుకు మా టీం కుర్రాళ్లు మాటలు పడిన రోజులున్నాయి. నాకు కోపం వచ్చే సందర్భం ఇదొక్కటే.

అందుకని ఇంజినీరింగ్ కాలేజీల వారిని అడుగుతున్నాను. ఆంధ్ర విశ్వవిద్యాలయం వారినీ, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ వారినీ కూడా అడుగుతున్నాను. మూడో సంవత్సరంలోనైనా ప్రతి విద్యార్థీ తన చేత్తో ఒక ఇమేజ్ బిల్డ్ చేసి, రిజిస్ట్రీలో పబ్లిష్ చేసేలా ల్యాబు పెట్టండి. ద్వారకానగర్‌లో సాయంత్రం బ్యాచ్‌లు నడిపే కోచింగ్ సెంటర్ల వారికీ ఇదే మాట. స్క్రీన్ మీద కన్సోల్ చూపించి ఊరుకోవద్దు.

ల్యాబులో ఇది కుదరదని ఒక అధ్యాపకుడు నాతో అన్నారు. ఆయన చెప్పిన కారణం నిజమైనదే. ఖాతా లేకుండా దించుకునేవారికి ఒక్కో ఐపీ అడ్రసుకు ఆరు గంటల్లో 100 ఇమేజ్‌లు అన్న పరిమితిని డాకర్ హబ్ 2020 నవంబర్‌లో తెచ్చింది. కాలేజీ అంతటికీ బయటకు కనపడే అడ్రస్ ఒక్కటే ఉంటుంది. 60 మంది తలా నోడ్ ఒకటి, గో ఒకటి తెచ్చుకుంటే 120 అవుతాయి. వంద దాటగానే మిగతావాళ్ల తెర మీద ‘టూ మెనీ రిక్వెస్ట్స్’ అని ఎర్రర్ వస్తుంది, ఆ పూటకు క్లాసు ముగిసినట్టే. దీనికి మందు ఖరీదైనది కాదు. ల్యాబులో ఒక మెషీన్ మీద సొంత రిజిస్ట్రీ పెట్టుకుని, దాన్ని డాకర్ హబ్‌కు కాష్‌గా, అంటే ఒకసారి తెచ్చింది దాచి ఉంచేలా, అమర్చుకుంటే మొదటి విద్యార్థి అడిగిన ఇమేజ్ మాత్రమే బయట నుంచి వస్తుంది. మిగతా 59 మందికీ ఆ మెషీనే ఇస్తుంది. రిజిస్ట్రీ సాఫ్ట్‌వేర్ ఉచితం. పెద్ద ఎత్తున కావాలంటే హార్బర్ అనే రిజిస్ట్రీ ఉంది, అదీ ఉచితమే. పిల్లలు తాము బిల్డ్ చేసింది పెట్టుకోవడానికి అదే మెషీన్ మీద ఇంకో రిజిస్ట్రీ నడపవచ్చు. ఇలా చేస్తే పిల్లల పాస్‌వర్డ్‌లు లోకం మీద పడే ప్రమాదమూ ఉండదు. ఆపిల్ సొంత చిప్ ఉన్న మ్యాక్ ల్యాప్‌టాప్ మీద బిల్డ్ చేసిన ఇమేజ్ ల్యాబు సర్వర్ మీద ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అని ఎందుకు ఆగిపోతుందో, ప్రాసెసర్ రకాన్ని బట్టి ఇమేజ్ ఎందుకు వేరుగా ఉండాలో కూడా అక్కడే తెలిసిపోతుంది.

మన ప్రభుత్వ శాఖలకూ, జీవీఎంసీకీ ఒక విన్నపం. సాఫ్ట్‌వేర్ టెండర్లలో ‘వెబ్ ఆధారిత డిప్లాయ్‌మెంట్ కన్సోల్ ఉండాలి’ అని రాసే చోటే ఇమేజ్‌ల గురించి కూడా రాయండి. ఇమేజ్ లోపల ఏ లైబ్రరీ ఏ వెర్షన్‌లో ఉందో తెలిపే జాబితా, అంటే ఎస్‌బామ్, ప్రతి రిలీజ్‌తో ఇవ్వాలని అడగండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ దీనిపై 2024 అక్టోబర్‌లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. 2021 డిసెంబర్‌లో జావా అప్లికేషన్లు వాడే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు ఎంతోమంది నిర్వాహకులు సర్వర్లకు ప్యాచ్‌లు వేసి ఊపిరి పీల్చుకున్నారు. కానీ లోపమున్న లైబ్రరీ ఇమేజ్‌ల లోపల ఉంది. సర్వర్‌కు ఎన్ని ప్యాచ్‌లు వేసినా ఇమేజ్ తిరిగి బిల్డ్ చేసేదాకా అది అలాగే ఉంటుంది. జాబితా ఉన్నవాళ్లు ఏ ఇమేజ్‌లో ఆ లైబ్రరీ ఉందో నిమిషాల్లో తేల్చుకున్నారు, లేనివాళ్లు ఒక్కొక్కటీ విప్పుకుంటూ కూర్చున్నారు. సైబర్ దాడి జరిగితే తెలిసిన ఆరు గంటల్లో తమకు చెప్పాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం. లోపలేముందో తెలియని ఇమేజ్‌లు నడుపుతూ ఆరు గంటల్లో ఏం చెప్పగలరు? నెలకొకసారైనా తాజా బేస్ ఇమేజ్‌తో, అంటే అడుగున ఉండే ఇమేజ్‌తో, తిరిగి బిల్డ్ చేసే బాధ్యత, డైజెస్ట్‌తోనే డిప్లాయ్ చేసే నియమం కూడా ఒప్పందంలో చేరిస్తే మా లాంటి చిన్న కంపెనీలకు భారం కాదు. నిజానికి మేలే. ఇప్పుడు ఈ పని చేసేవాళ్లూ చేయనివాళ్లూ ఒకే ధరకు పోటీ పడుతున్నారు.

మీ విద్యా పేజీలో దీనికి కాస్త చోటివ్వండి. ఉద్యోగాల గురించి మీరు రాసే ప్రతి వార్తా ఈ ప్రాంతపు పిల్లలు చదువుతున్నారు, ఇంటర్వ్యూలో నాకు అదే చెబుతున్నారు. ఏ కాలేజీ అయినా ల్యాబులో రిజిస్ట్రీ పెట్టుకుంటామంటే శనివారాలు వచ్చి అమర్చిపెట్టడానికి నేను సిద్ధం. రుసుమేమీ వద్దు. వాడకుండా పక్కన పెట్టిన డెస్క్‌టాప్ ఒకటి, 500 జీబీ డిస్కు, ల్యాబు స్విచ్‌లో ఒక ఖాళీ పోర్టు ఉంటే చాలు. లైనక్స్ నేనే వేస్తాను. మొదటి రోజు చేయించే అభ్యాసం కూడా సిద్ధంగా ఉంది. ప్రతి విద్యార్థీ ఒక చిన్న వెబ్ పేజీని ఇమేజ్‌గా బిల్డ్ చేసి పుష్ చేస్తాడు, డైజెస్ట్ కాగితం మీద రాసి పక్క బెంచీ వాళ్లకిస్తాడు. వాళ్లు ఆ డైజెస్ట్‌తో తెచ్చుకుని నడపాలి. తర్వాత మొదటివాడు అదే ట్యాగ్‌తో వేరే పేజీ పుష్ చేస్తాడు. అప్పుడు ట్యాగ్‌తో ఒకసారి, డైజెస్ట్‌తో ఒకసారి తెచ్చుకుని ఏం వచ్చిందో చూస్తారు. మీ కార్యాలయానికి ఎవరైనా రాస్తే నా చిరునామా ఇవ్వండి.

ఇట్లు,
ఒక సిస్టమ్స్ ఇంజినీర్,
మధురవాడ, విశాఖపట్నం